ఆసుపత్రి గదికీ రోగి కోలుకోవడానికీ నిజంగా సంబంధం ఉందా?

కృష్ణాతీరం (విజయవాడ):
అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 78 ఏళ్లు. బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. కానీ ఐసీయూలో రెండో రాత్రి నుంచి మనిషి మారిపోయారు. గోడ మీద ఎవరో నిలబడి ఉన్నారంటారు, చేతికున్న సెలైన్ పీకేస్తారు, అమ్మని చూసి "నువ్వెవరు" అన్నారు. పగలంతా మగత, రాత్రంతా కేకలు. సన్నిపాతం కమ్మినట్టుంది. ఇంతకుముందు మతిమరుపు కూడా లేదు. పొద్దున్నే పేపరు చదివి ఎడిటోరియల్ మీద మాతో వాదన పెట్టుకునే మనిషి.

లోపల కిటికీ లేదు. పగలూ రాత్రీ ఒకటే తెల్లటి లైటు. మానిటర్లు మోగుతూనే ఉంటాయి. మమ్మల్ని పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు చూడనిస్తారు. కళ్లజోడు, చెవి మిషను, పళ్లసెట్టు మూడూ ఒక కవర్లో వేసి చేరిన రోజే మా చేతికిచ్చేశారు.

ఇది మత్తుమందు వల్లా, ఆ గది వల్లా? వార్డుకి మార్చమని అడగొచ్చా? డాక్టర్ల పనిలో వేలు పెట్టినట్టు అవుతుందేమోనని జంకుగా ఉంది.

రాత్రి డ్యూటీ (స్టాఫ్ నర్సు, గుంటూరు):
అడగండి, జంకొద్దు. ముందు ఒక మాట. హఠాత్తుగా మనిషి తికమకపడితే దాన్ని డెలీరియం అంటాం. పెద్దవాళ్లలో తుంటి ఆపరేషన్ తర్వాత ఇది మేం తరచూ చూసేదే. "వయసు కదా, అంతే" అని వదిలేయకూడదు. మూత్రం బిగుసుకుపోవడం, ఇన్ఫెక్షన్, ఒంట్లో సోడియం తగ్గడం, నొప్పి సరిగ్గా అదుపులో లేకపోవడం, మలబద్ధకం, కొత్తగా మొదలుపెట్టిన మందు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. ఈ రోజే డ్యూటీ డాక్టరుకి "మా నాన్నగారు ఎప్పుడూ ఇలా ఉండరు, ఫలానా రాత్రి నుంచి మొదలైంది" అని స్పష్టంగా చెప్పండి. రోగి మామూలుగా ఎలా ఉంటారో ఇంట్లోవాళ్లకి తెలిసినట్టు మాకు తెలియదు. మీరు చెప్పేదాకా ఆయన స్వభావమే అంత అనుకునే ప్రమాదం ఉంది.

ఇక గది సంగతి. దాని పాత్ర కచ్చితంగా ఉంది. ఆ కవర్ తీసుకెళ్లి కళ్లజోడు పెట్టించండి, చెవి మిషను బ్యాటరీ చూసి పెట్టించండి. ఎదుట ఎవరున్నారో కనిపించక, ఏమంటున్నారో వినిపించక, పగలో రాత్రో తెలియక పడుకున్న మనిషికి భయం వేయదా? వెళ్లినప్పుడల్లా పేరుపెట్టి పిలవండి. ఏ వారం, టైమెంత, ఎక్కడున్నారు, ఏ ఆపరేషన్ అయిందో చెప్పండి. విసుగనుకోకుండా మళ్లీ మళ్లీ చెప్పండి. గోడ మీద మనిషి ఉన్నాడంటే "లేడు, మీకు పిచ్చా" అని వాదించకండి. "నేనిక్కడే ఉన్నాను, భయం లేదు" అంటే చాలు.

మెడిసిన్ పీజీ (కర్నూలు):
సిస్టర్ గారు చెప్పినదానికి గట్టి ఆధారమే ఉంది. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో షారన్ ఇనౌయే అనే డాక్టరు బృందం 70 ఏళ్లు దాటిన 852 మంది ఇన్‌పేషెంట్ల మీద చేసిన అధ్యయనం 1999లో వచ్చింది. సగం మందికి మామూలు వైద్యం. మిగతా సగం మందికి దాంతోపాటు కళ్లజోడు, చెవి మిషను అందేలా చూడటం, రోజూ లేపి నాలుగడుగులు నడిపించడం, రోజూ తేదీ, స్థలం గుర్తుచేస్తూ కబుర్లు చెప్పడం, నీళ్లు సరిగ్గా తాగించడం, రాత్రి నిద్రమాత్రకి బదులు గోరువెచ్చని పాలు, వీపు నిమరడం, సన్నని సంగీతం, వార్డులో చప్పుడు తగ్గించడం. మామూలు వైద్యం అందిన వాళ్లలో 15 శాతం మందికి డెలీరియం వస్తే, ఈ రెండో గుంపులో 9.9 శాతానికి తగ్గింది. కొత్త మందు ఒక్కటీ లేదు.

ఒక హెచ్చరిక. ఒకసారి డెలీరియం వచ్చాక ఈ పద్ధతుల వల్ల దాని తీవ్రత పెద్దగా తగ్గలేదని అదే అధ్యయనంలో తేలింది. నివారణే అసలు లాభం. కాబట్టి ఆపరేషన్‌కి పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లు మొదటి రోజు నుంచే ఇవన్నీ చూసుకోవాలి. వచ్చేశాక మాత్రం కారణం వెతికించడమే ముఖ్యం.

గోడలూ కిటికీలూ (ఆర్కిటెక్ట్, హైదరాబాద్):
నా వృత్తి కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఈ విషయంలో అందరూ చెప్పుకునేది రోజర్ ఉల్‌రిచ్ అనే అమెరికా పరిశోధకుడు 1984లో అచ్చువేసిన చిన్న అధ్యయనం. పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రి, ఒకేలాంటి గదులు. కొన్ని కిటికీల్లోంచి చెట్లు కనిపిస్తాయి, కొన్నిటికి ఎదురుగా ఇటుక గోడ. 1972 నుంచి 1981 వరకు పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మందిని వయసు, ఆడామగా, పొగతాగే అలవాటు లాంటివి సరిపోల్చి 23 జంటలుగా చేశారు. చెట్లు కనిపించినవాళ్లు కాస్త ముందుగా ఇంటికెళ్లారు, గట్టి నొప్పి మందులు తక్కువ అడిగారు. వాళ్ల గురించి నర్సులు రాసుకున్న నోట్సులో దిగులు, ఏడుపు లాంటి మాటలు కూడా తక్కువ.

నాకు ఇంతకన్నా ఇష్టమైనది ఫిన్లాండ్‌లోని పైమియో శానటోరియం, అంటే క్షయ రోగుల్ని ఉంచే ఆసుపత్రి. ఆల్వార్ ఆల్టో అనే ఆర్కిటెక్ట్ రూపకల్పన, 1933లో పూర్తయింది. నిలబడి తిరిగే మనిషికి కాకుండా మంచం మీద వెల్లకిలా పడుకున్న మనిషికి గది ఎలా ఉంటుందన్నది ఆయన పట్టించుకున్నాడు. పడుకున్నవాడు రోజంతా చూసేది పైకప్పునే కాబట్టి దానికి కళ్లకి హాయిగా ఉండే ముదురు పచ్చ రంగు వేయించాడు. దీపం నేరుగా కంట్లో పడకుండా పెట్టించాడు. గదికి ఇద్దరు రోగులు. ఒకరు చేతులు కడుక్కుంటే రెండో అతనికి నిద్ర చెడకూడదని, నీటిధార చప్పుడు చేయకుండా జారే వాలుతో వాష్‌బేసిన్లు గీశాడు.

మన దగ్గర ఆసుపత్రి కట్టేటప్పుడు లాబీ మార్బుల్ గురించి నెలల తరబడి చర్చ నడుస్తుంది. మంచం మీద పడుకుని పైకి చూడమని నేను కొందరు యజమానుల్ని అడిగాను. సరిగ్గా కళ్ల మీద ట్యూబ్‌లైటు! ఆ లైటుని మూడడుగులు పక్కకి జరపడానికి అయ్యే ఖర్చెంత?

లెక్క తేలాలి (చెన్నై):
ఆర్కిటెక్ట్ గారూ, మీ ఉత్సాహం నచ్చింది కానీ 46 మందితో లోకానికి సూత్రం కట్టేయొద్దండి. పాత రికార్డులు తిరగేసి చేసిన పని అది. నేను క్లినికల్ ట్రయల్స్ లెక్కలు చూసే ఉద్యోగంలో చాలాకాలం ఉన్నాను. ఈ చర్చలో తప్పక రావాల్సిన అధ్యయనం మన మద్రాసులోనే జరిగింది.

1956లో ఇక్కడ క్షయ చికిత్సా కేంద్రం మొదలైంది. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి కలిసి పెట్టాయి. అప్పటివరకు టీబీ అంటే శానటోరియం. మంచి గాలి, పూర్తి విశ్రాంతి, పాలు, గుడ్లు. ఇక్కడ నగరంలోని పేద కుటుంబాల నుంచి వచ్చిన 193 మంది రోగుల్ని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేశారు. సగం మందికి శానటోరియంలో, సగం మందికి ఇంట్లో వైద్యం. ఇద్దరికీ అవే మందులు, ఐసోనియాజిడ్, పీఏఎస్, ఏడాదిపాటు. ఇంట్లో ఉన్నవాళ్ల తిండి అంతంతమాత్రం, ఇరుకు గదులు, విశ్రాంతి తక్కువ. 1959లో ఫలితాలు వచ్చాయి. ఇంట్లో ఉన్నవాళ్లకీ దాదాపు అంత బాగానే తగ్గింది. ఇంట్లో మిగతావాళ్లకి జబ్బు అంటుకోవడం కూడా ఎక్కువ కాలేదు. ప్రపంచవ్యాప్తంగా శానటోరియంలు ఖాళీ కావడానికి ఇది పెద్ద కారణం.

అందుకని, జబ్బుని తగ్గించేది మందు. పచ్చటి చెట్టు కాదు.

మదనపల్లె మావయ్య:
శానటోరియం మాట వచ్చింది కాబట్టి నేనూ ఒక ముక్క చెప్తాను. మా ఊరి పక్కనే ఆరోగ్యవరం. 1912లో మొదలైన యూనియన్ మిషన్ టీబీ శానటోరియం అదే. క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ అనే డెన్మార్క్ డాక్టరు దశాబ్దాలపాటు నడిపించారు. మదనపల్లె దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంటుంది, గాలి పొడిగా ఉంటుంది, అందుకే ఈ చోటు ఎంచుకున్నారు. మా తాతల తరంలో దక్షిణాది నలుమూలల నుంచీ జనం ఇక్కడికి వచ్చేవాళ్లు.

చెన్నై పెద్దాయన చెప్పింది నిజమే, గాలికి క్షయ పురుగు చావదు. కానీ మందులే లేని రోజుల్లో, ఊళ్లో ఇంటి గడప తొక్కనివ్వని జబ్బుతో వచ్చిన మనిషికి ఇక్కడొక మంచం, తోట, తనలాంటి పదిమంది తోడు దొరికేవి. అది వైద్యమో కాదో మీరే తేల్చండి. ఇప్పుడది సాధారణ ఆసుపత్రి. చెట్లు మాత్రం అట్లే ఉండాయి.

గోడలూ కిటికీలూ:
లెక్క తేలాలి గారూ, మీ మాట ఒప్పుకుంటాను. గది సూక్ష్మక్రిమిని చంపదు. యాంటీబయాటిక్‌కి బదులు తోట పెట్టమని ఎవరూ అనడం లేదు. నొప్పి, నిద్ర, భయం, తికమక, జారిపడటం, ఆసుపత్రిలోనే కొత్త ఇన్ఫెక్షన్ అంటుకోవడం, వీటి మీద గది పనిచేస్తుంది. ఉల్‌రిచ్ కొలిచింది కూడా నొప్పి మందునీ, ఉన్న రోజుల్నీ. తుంటి ఆపరేషన్ అయిన పెద్దాయన విషయంలో ఇవే కదా అసలు సమస్యలు!

గాలి సంగతి కూడా అంత తేలిగ్గా కొట్టేయకండి. పెరూ రాజధాని లీమాలో 8 ఆసుపత్రుల్లో గాలి మార్పిడిని కొలిచి 2007లో ప్రచురించారు. కిటికీలూ తలుపులూ తెరిస్తే గదిలో గాలి గంటకి సుమారు 28 సార్లు మారింది. యంత్రాలతో నడిచే ఐసోలేషన్ గదుల ప్రమాణం 12 సార్లు. అందులోనూ 1950కి ముందు కట్టిన, ఎత్తైన పైకప్పు, పెద్ద కిటికీలున్న పాత భవనాలే అన్నిటికన్నా మెరుగు. మన ఉస్మానియా పాత భవనం, విశాఖ కేజీహెచ్ పాత బ్లాకులు గుర్తుకు రావడం లేదూ? ఆ కాలం ఇంజనీర్లు ఉక్కపోతకి విరుగుడుగా కట్టినది అంటువ్యాధులకీ పనికొచ్చింది. ఇప్పుడు ఆ వరండాలనే అల్యూమినియం చట్రాలతో మూసేసి గదులుగా మారుస్తున్నారు.

లెక్క తేలాలి:
సరే, నొప్పి, నిద్ర, ఇన్ఫెక్షన్ అని హద్దు గీశారు కాబట్టి మీతో ఏకీభవిస్తున్నాను. లీమా అధ్యయనం నేను చదివాను, పని బాగా చేశారు.

జనగామ పోరడు:
అన్నా, మీరందరు గదులు, కిటికీల గురించి మాట్లాడుతుండ్రు, మంచిదే. నేను మంచం పక్కన ఉండే మనిషి గురించి చెప్త. మా బాపుకు పక్షవాతం వచ్చినప్పుడు ఒక పెద్దాసుపత్రిల జనరల్ వార్డుల ఉన్నం. నర్సమ్మ ఒక్కతే, మంచాలు నిండ ఉన్నయి. బాపును పక్కకు తిప్పుడు, మూత్రం డబ్బా పెట్టుడు, అన్నం తినిపిచ్చుడు, స్కానింగ్‌కు స్ట్రెచర్ నూకుడు అన్ని మేమే. మరి మాకు కూసునేతందుకు స్టూలు లేదు. రాత్రి మంచం కింద చాప పరుచుకుని పండుకుంటే సెక్యూరిటీ వచ్చి లేపుతడు. కారిడార్ల పండుకుంటే తుడిచేటామె వచ్చి లేపుతది. నిద్రలేని మనిషి పొద్దున డాక్టర్ చెప్పింది ఏం అర్థం చేసుకుంటడు? ఏ గోలి ఎప్పుడెయ్యాల్నో ఎట్ల యాదుంటది?

మా అమ్మ రోజంత చాయ్ మీదనే ఉండేది, క్యాంటీన్ల అన్నం రేటు చూసి. 2022ల హైదరాబాద్ సర్కారు దవాఖానలల్ల రోగి ఎంబడి ఉండే అటెండర్లకు 5 రూపాయలకు భోజనం మొదలువెట్టిండ్రు. అది ఎంత పెద్ద సంగతో బయటోళ్లకు తెల్వది. అమ్మ కడుపునిండ తింటేనే బాపుకు నిమ్మళంగ తినిపిస్తది.

మా బాపు మాట పడిపోయింది. కానీ అమ్మ పక్కన లేకుంటే పక్కకు తిరిగి తలుపు దిక్కే చూసేటోడు. ఆమె రాంగనే ఫిజియో ఆయన చెప్పిన తీరు చెయ్యి లేపేటోడు. అటెండరును వార్డుకు అడ్డం అనుకునుడు బందు చెయ్యాలె. కుర్చీ, మంచినీళ్లు, బాత్రూం, రాత్రి నడుం వాల్చేటందుకు ఇంత జాగ. గంతే అడుగుతున్నం.

మెడిసిన్ పీజీ:
తమ్ముడూ, చాలా ముఖ్యమైన మాట. 1950లలో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఇదే చేశారు. వార్డులు కిక్కిరిసిపోతే ఆవరణలో గుడారాలు వేయించి, రోగితోపాటు కుటుంబాన్నీ అక్కడే ఉండనిచ్చారు. రోగులు త్వరగా తేరుకుని ఇళ్లకి వెళ్లడం, ఇంటివాళ్లకి జబ్బు మీద భయం పోవడం చూశారు. ఇప్పటికీ మన సైకియాట్రీ పాఠాల్లో ఆయన ప్రస్తావన వస్తుంది.

ఇద్దరు పిల్లల తల్లి (రాజమండ్రి):
ప్రసవం గది గురించి ఎవరూ ఎత్తలేదేంటండీ? నా మొదటి కాన్పు ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో. ఒకే హాల్లో మూడు బల్లలు, మధ్యలో కర్టెన్ లేదు. తలుపు తెరిచినప్పుడల్లా కారిడార్లో వాళ్లకి కనిపిస్తాం. అమ్మని లోపలికి రానివ్వలేదు. అరిస్తే కసురుకున్నారు. నొప్పులకన్నా ఆ సిగ్గు, ఆ ఒంటరితనం ఎక్కువ బాధించాయి. రెండో కాన్పు వేరే చోట. కర్టెన్లు వేశారు, మా పిన్నిని పక్కన ఉండనిచ్చారు, నన్ను అటూఇటూ నడవనిచ్చారు. పిన్ని నడుం రాస్తూ కూర్చుంది. ఒళ్లూ మనసూ రెండూ నా చేతిలోనే ఉన్నట్టు అనిపించింది.

ప్రభుత్వ ఆసుపత్రుల ప్రసూతి గదుల కోసం 2017 డిసెంబరులో కేంద్రం లక్ష్య అనే కార్యక్రమం పెట్టింది. ప్రతి బల్లకీ మరుగు ఉండాలి, తల్లి కోరుకున్న ఆడమనిషిని తోడుగా ఉండనివ్వాలి అని అందులో ఉంది. మీ ఇంట్లో కాన్పు ఉంటే ముందే వెళ్లి ఈ రెండూ అడగండమ్మా. పక్కన తోడుంటే సహజ కాన్పులు ఎక్కువనీ, నొప్పుల సమయం కాస్త తగ్గుతుందనీ ఎన్నో దేశాల అధ్యయనాలు కలిపి చూసినవాళ్లు తేల్చారు. మా అమ్మమ్మలకి అది ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

సింగపూర్ సుబ్బరాజు:
ఇక్కడ యీషున్‌లో 2010లో తెరిచిన ఖూ టెక్ ఫువాట్ ఆసుపత్రి ఉంది. పక్కనున్న చెరువునీ కలుపుకుని కట్టారు, మధ్యలో తోట, పైఅంతస్తుల నుంచి తీగలు వేలాడుతుంటాయి, మేడ మీద వాలంటీర్లు కూరగాయలు పండిస్తారు. నాకు నచ్చిన విషయం ఏంటంటే, తక్కువ ఫీజు వార్డులు ఏసీ లేకుండా గాలి ఆడేలా కట్టారు, పచ్చదనం వాళ్లకీ కనిపిస్తుంది. సింగపూర్ ఎండ, తేమ మన కాకినాడకేమీ తీసిపోవు. అక్కడ వీలైంది మన దగ్గర ఎందుకు కాదు?

గోడలూ కిటికీలూ:
అవుతుంది సుబ్బరాజు గారూ. కట్టేముందు వార్డు ఏ దిక్కుకి తిప్పాలో, గాలి ఎటునుంచి వస్తుందో చూడాలంతే. కట్టేశాక సరిచేయాలంటేనే డబ్బు.

కృష్ణాతీరం:
అందరికీ ధన్యవాదాలు. డ్యూటీ డాక్టరు గారికి చెప్పాం. పరీక్షల్లో సోడియం బాగా తగ్గిందని తేలింది, దానికి మందు మొదలైంది. కళ్లజోడు, చెవి మిషను పెట్టనిచ్చారు. ఇప్పుడు వార్డుకి మార్చారు, కిటికీ పక్క మంచం. అమ్మ పక్కనే ఉంటోంది. నిన్నటి నుంచి అందర్నీ గుర్తుపడుతున్నారు, సాయంత్రమైతే మాత్రం ఇంకా కాస్త తికమక. ఇంకో సందేహం. రాత్రి వార్డులో కూడా నిద్ర పట్టడం లేదంటున్నారు. ఏం చేయొచ్చు?

రాత్రి డ్యూటీ:
చాలా సంతోషం. సాయంత్రం తికమక ఇంటికెళ్లాక కూడా కొన్నాళ్లు ఉండొచ్చు, కంగారుపడకండి.

నిద్ర విషయం మా వైపు నుంచి చెప్తాను. వార్డుల్లో రాత్రి రక్తపోటు చూడాలి, యాంటీబయాటిక్ ఎక్కించాలి, తెల్లవారకముందే రక్తం శాంపిల్ తీయాలి. మూడూ మూడు వేర్వేరు వేళల్లో చేస్తే రోగిని మూడుసార్లు లేపినట్టే. మా వార్డులో ఇన్‌ఛార్జి సిస్టర్ ఇవన్నీ ఒకే వేళకి కలిపేలా చార్టు మార్చారు. డాక్టరుతో మాట్లాడి, పరిస్థితి నిలకడగా ఉన్నవాళ్లకి అర్ధరాత్రి బీపీ ఆపించారు. మందుల ట్రాలీ చక్రాలకి నూనె వేయించారు. అంతకుముందు ఆ కీచుమనే చప్పుడు వార్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా అందరినీ లేపేది. సెలైన్ అయిపోతుంటే పంపు మోగేదాకా ఆగకుండా ముందే మార్చడం, పది దాటాక పెద్ద లైట్లు తీసి మంచం దగ్గర చిన్న లైటు వాడటం, ఫోను రింగు తగ్గించడం. ఇవన్నీ మనిషి ఉంటేనే అవుతాయి. రాత్రి ఒక్క నర్సు మీద వార్డంతా వదిలేస్తే ఏ మోగుతున్న మిషను దగ్గరికి ముందు పరిగెత్తాలి?

రాత్రి వార్డుల్లో సగటు చప్పుడు 30 డెసిబెల్స్ దాటకూడదని 1999లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. 2005లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు పాత కొలతలన్నీ కలిపి చూస్తే 1960 నుంచి అప్పటికి ఆసుపత్రుల్లో రాత్రి చప్పుడు 42 నుంచి 60 డెసిబెల్స్‌కి పెరిగింది.

మీరు చేయగలిగింది: పగలు ఎక్కువ నిద్రపోనివ్వకండి, ఫిజియో అనుమతిస్తే కుర్చీలో కూర్చోబెట్టండి, పొద్దున కర్టెన్ తీయండి. రాత్రికి కళ్లకి గంత, చెవులకి దూది లాంటి ఇయర్‌ప్లగ్స్ ఆయన ఒప్పుకుంటేనే పెట్టండి. తికమక ఉన్నప్పుడు బలవంతం వద్దు. మంచం దగ్గర నిలబడి గుసగుసలాడకండి. మనవాళ్లందరికీ ఉన్న అలవాటే ఇది. తన గురించేనని రోగి చెవులు రిక్కించి అలసిపోతాడని ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లోనే గట్టిగా రాసింది. చెప్పేదేదో ఆయనకి వినపడేలా చెప్పండి, లేదా బయటికెళ్లి మాట్లాడుకోండి.

జనగామ పోరడు:
సిస్టరమ్మ, లోపలి చప్పుడు సరే. మా దగ్గర దవాఖాన ఎనుకనే ఫంక్షన్ హాల్ ఉన్నది. పెండ్లిళ్ల సీజన్ల బరాత్, డీజే రాత్రి పన్నెండు దాకా. అద్దాలు అదురుతయి. దానికేమన్న చట్టం ఉన్నదా?

లెక్క తేలాలి:
ఉంది బాబూ. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఆసుపత్రి చుట్టూ కనీసం 100 మీటర్ల మేర సైలెన్స్ జోన్‌గా పెట్టొచ్చు. అక్కడ పగలు 50, రాత్రి 40 డెసిబెల్స్ హద్దు. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 వరకు. 2017 సవరణ తర్వాత మాత్రం రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేస్తేనే అది సైలెన్స్ జోన్. కాబట్టి మీ ఆసుపత్రి సూపరింటెండెంట్‌ని ముందు ఆ నోటిఫికేషన్ ఉందా అని అడగండి, లేకపోతే కలెక్టర్‌కి ఆసుపత్రి తరఫున అర్జీ పెట్టించండి. ఇక రాత్రి 10 తర్వాత రోడ్డు మీద డీజే అయితే సైలెన్స్ జోన్‌తో పనే లేదు. ప్రభుత్వం ప్రత్యేకంగా సడలింపు ఇచ్చిన కొద్ది పండుగ రోజులు తప్ప, బహిరంగంగా లౌడ్‌స్పీకర్ ఎక్కడైనా నిషేధమే. 112కి ఫోన్ చేసి టైము, స్థలం చెప్పండి, ఫోన్లో చిన్న వీడియో తీసి పెట్టుకోండి. రోగుల బంధువులు పదిమంది సంతకాలతో సూపరింటెండెంట్ ద్వారా స్టేషన్‌కి ఒక కాగితం వెళ్తే ఆ ఫిర్యాదుకి బలం ఎక్కువ.

జనగామ పోరడు:
రేపే సంతకాలు మొదలువెడత సార్.